అగ్గిపెట్టె జీపు

జీపు నెత్తిన డేరా లేపడం చంద్రమౌళికి ఇప్పుడు చేతికొచ్చిన పని. నాలుగు కొక్కేలు తీసి నిచ్చెన లాగితే చాలు, బండి మీద ఓ పడకగది లేచి నిలబడుతుంది. కింద ఇసుకలో గ్యాస్ పొయ్యి, మడత కుర్చీలు, మంచినీళ్ల డబ్బాలు. అన్నీ సర్ది, లాంతర్లు ఒక్కొక్కటే వెలిగించి తగిలించాడు.

సారుకు ఇదో పిచ్చి. ఆయనకొక్కడికే అయితే సరే, స్నేహితులందరికీ అంటించాడు. పోయినేడు రెండు బండ్లు బయల్దేరేవి, ఇప్పుడు ఆరు. ఒక్కొక్కరిదీ రాజభవనం లాంటి ఇల్లు. ఏసీ గదులు, మెత్తటి పరుపులు. అవన్నీ వదిలిపెట్టి ఇంత దూరం వచ్చి ఇసుకలో పడుకుంటే గానీ వాళ్లకు నిద్ర పట్టదట. ఇల్లు చేరాలని కలవరించేవాడి చేత, ఇల్లొదిలే సరదాకు డేరాలు వేయిస్తున్నారు. ఏం చెప్పాలి!

విమానమెక్కి పోయి చేరిన కంపెనీ మూతపడ్డాక దొరికిన పని ఇది. అదే కంపెనీలో ఉన్న లస్మయ్య మాత్రం నేరుగా ఊరు చేరాడు. చేరి ఏం బావుకున్నాడో ఆ వారమే లీల ఫోన్లో భర్తకు పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఉత్త చేతులతోని అచ్చినోనికి ఇంట్ల గూడ ఇలువ లేదు. పెండ్లాన్ని అత్తగారోళ్లు తీస్కపోయిండ్రు. చాయ్ హోటల్ల కూసుంటె అందరు నవ్వుడే. నీకు పని ఉన్నది గదా?"

"ఉన్నది," అనేశాడు చంద్రమౌళి. నిజానికి పని దొరికింది ఆ తర్వాత నెలకు.

ఎక్కడ దిగాలన్నది ఎప్పుడూ సారు ఇష్టమే. ఈసారి చోటేదో మొన్న ఫోన్లో మ్యాప్ తీసి చూపించినప్పటి నుంచి చంద్రమౌళికి ముద్ద దిగడం లేదు. అక్కడ పాములుంటాయని చెప్పి చూశాడు. సారు నవ్వి భుజం తట్టాడు.

కూరకు ఉల్లిగడ్డలు తరుగుతుంటే ఫోన్ మోగింది.

"బాపూ, తిన్నవా?" నవ్య గొంతు. పదేళ్లది. అతను విమానం ఎక్కిననాడు దానికి ఆరేళ్లు.

"సేట్ తిన్నంక తింట బిడ్డా." ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు సారు సేట్ అయిపోతాడు. "మీరు బతుకమ్మ పేర్చిండ్రా?"

"ఇయ్యాల సద్దులు గదా. అందరికంటె నాదే పెద్దగున్నది. మీద ఏం పెట్టిన్నో చెప్పు?"

"గుమ్మడిపువ్వు."

"అది అందరు పెడ్తరు. నేను అగ్గిపెట్టెతోని జీపు చేసి పెట్టిన. జీపు మీద ఎర్రగుడ్డతోని డేరా గూడ చేసిన, నువ్వు చెప్పినట్టే. డేరాల నువ్వు పండుకున్నవ్."

పక్కనుంచి తల్లి లచ్చవ్వ అందుకుంది. "గౌరమ్మ పక్కపొంటి కారేందే అంటె ఇంటలేదు కొడుకా."

"ఉండనియ్ అవ్వా," అన్నాడు.

"వీడియో పెట్టు బాపు, చూపిస్త."

"గీ ఇసుకల సిగ్నల్ అందది బిడ్డా."

"ఎప్పుడు గట్లనే అంటవ్," అని అలిగి ఫోన్ తల్లికిచ్చేసింది.

"గక్కడ ఇంక పొద్దు గూకలేదు గదా?" అడిగింది లీల.

"ఇంక ఎల్తురున్నది," అన్నాడు చంద్రమౌళి, కళ్లలో పడుతున్న లాంతరును పక్కకు తిప్పుతూ.

"ఈసారి డ్యాం నీళ్లు ఊరి అంచుదాక అచ్చినయ్. బతుకమ్మలు ఎయ్యనీకి దూరం పోయే పని లేదు. నాలుగేండ్లాయె. పిల్ల నీ మొఖం మర్సిపోతదని బుగులైతాంది. ఎప్పుడస్తవ్?"

"సేట్ సెలవిస్తె రేపే అస్త."

"నీ సేట్ పాడుగాను," అంది లీల. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. అతనికీ ఏడుపొచ్చింది. ఉల్లిగడ్డల మీదికి నెట్టేయడానికి కూడా పక్కన ఎవరూ లేరు.

ఫోన్ మళ్లీ నవ్య లాక్కుంది. "కట్ చెయ్యకు బాపు. పాట ఇను."

చప్పట్లు మొదలయ్యాయి. ఆడవాళ్ల గొంతులన్నిటిలో నవ్య గొంతు సన్నగా, కొంచెం ముందుగా పరుగెడుతోంది. చంద్రమౌళి ఫోన్ ఒక చెవికి అదిమిపెట్టి, రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు. అలాగే కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

అందరి భోజనాలూ అయ్యాయి. సారూ, స్నేహితులూ నిచ్చెనలెక్కి డేరాల్లో దూరారు. చంద్రమౌళి ఒక్కడే చల్లారిన పొయ్యి దగ్గర మిగిలాడు. ఇంటికి పోవాలనిపించింది. ఎప్పుడూ అనిపించేదే, కానీ ఆ రోజు ఆగలేనంతగా అనిపించింది. పిల్లను ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఆపైన ఎవరు ఎట్ల నవ్వినా నవ్వనీ అనుకుని లేచాడు. పది అడుగులు నడిచాడు. చాయ్ హోటల్లో తల వంచుకుని కూర్చున్న లస్మయ్య కళ్లముందు కదిలాడు. వెనక్కి వచ్చి ఇసుకలో పడుకున్నాడు. నిద్ర మాత్రం రాలేదు.

తెల్లారి, ఎంగిలి గిన్నెలు కడుగుదామని బకెట్ పట్టుకుని నీళ్లలోకి దిగితే, అవతలి ఒడ్డునున్న తన ఊరి నుంచి రాత్రంతా తేలుకుంటూ వచ్చిన బతుకమ్మ ఒకటి, నెత్తిన నానిపోయిన అగ్గిపెట్టె జీపుతో, చంద్రమౌళి కాళ్లకు తగిలి ఆగింది.