మొద్దు దగ్గర కాపలా

పూర్వం చైనాలో ఒక కుందేలు కంగారుగా పరిగెత్తి, పొలంలోని చెట్టు మొద్దుకు గుద్దుకుని చచ్చింది. రైతు దాన్ని వండుకు తిని, ఇంకోటి రాకపోతుందా అని నాగలి పక్కన పడేసి ఆ మొద్దు దగ్గరే కూర్చున్నాడు. అలాంటి సోమరి ఆశకు మనుషులు 'మొద్దు దగ్గర కాపలా' అని పేరు పెట్టుకున్నారు.

కుందేళ్లలో మాత్రం ఆ మాటకు త్యాగమని అర్థం. దున్నని పొలం నిండా గడ్డి మొలిచింది మరి. ఆ రోజు చచ్చిన కుందేలు వెనకే పరిగెత్తిన ముసలి కుందేలు తాత, గడ్డి నములుతూ, "ఆ మహానుభావుడు మనకోసమే తల పగలగొట్టుకున్నాడర్రా" అని రోజూ చెప్పేవాడు.

ఒకనాడు రైతు విసుగెత్తి నాగలి భుజానికెత్తుకున్నాడు.

"ఇంకొకరు గుద్దుకుంటే మళ్లీ కూర్చుంటాడు తాతా," అంది మనవరాలు. అందరూ తాత వైపే చూశారు.

తాతకు గడ్డి మింగుడుపడలేదు. "నిజం చెప్పాలంటే, వాడు చూసుకోక గుద్దుకున్నాడర్రా," అన్నాడు.