ఇంకా నాలుగు నిమిషాలు

గేటు అవతల నిలబడిన పెద్దాయన వంగి, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, గచ్చు మీద రాలిన తెల్లటి పొట్టును వేలికి అద్దుకుని చూశాడు.

చంకలో గొడుగు. చేతిలో గుడ్డసంచి.

ముందుగదిలో ఆ ఇంటి కోడలు కుట్టుమిషను ఆపింది.

"ఎవరండీ? ఏం కావాలి?"

"ఈ కుక్కపిల్లలకి స్నానం ఎలా చేయిస్తున్నారమ్మా?"

పేరూ ఊరూ చెప్పకుండా ఇదేం ప్రశ్న అని ఆమె విస్తుపోయింది.

ఆ రెండు పిల్లల్నీ ముచ్చటపడి కొన్నది ఆమే. ఇంటికొచ్చిన వారానికే ఒళ్లంతా చేప పొలుసుల్లా లేచి, పొట్టు రాలడం మొదలైంది. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు.

"ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిన చర్మం. పూర్తిగా పోదు. బతికినన్నాళ్లూ మీరే చూసుకోవాలి" అని పశువుల డాక్టరు మందు షాంపూ రాసిచ్చాడు.

"ఇంత పొట్టు రాలుతుంటే మనం పిండిమర పెట్టుకోవచ్చే" అంది అత్తగారు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో చీపురుకు విశ్రాంతి లేదు.

"షాంపూ రాసి వెంటనే కడిగేస్తున్నారు, అవునా?" అన్నాడు పెద్దాయన.

"మీకెలా తెలుసు?"

"పొట్టు చెబుతోందమ్మా. పది నిమిషాలు ఒంటి మీద ఉంచాలి. లేకపోతే డ్రైనేజీకి స్నానం చేయించినట్టే."

"డాక్టరుగారూ అదే చెప్పారు. కానీ పది నిమిషాలా! ఇవి పది క్షణాలు కుదురుగా ఉంటేగా?"

పెద్దాయన గొడుగు గోడకు ఆనించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నేను పట్టుకుంటాను. మీరు రాయండి."

ఏమనుకుందో, ఆమె గేటు తీసింది.

టబ్బు పక్కన పీట వేసుకుని కూర్చుని, నురగలో ఉన్న పిల్లల మెడల కింద చెయ్యి పెట్టి, ఆయన ఓ రాజుగారి కథ మొదలుపెట్టాడు. బొద్దుగా ఉన్నది చెవులు రిక్కించింది. చిన్నది ఆయన మణికట్టు మీద గడ్డం ఆనించింది.

పది నిమిషాలూ గడిచాయి.

ఆమె టవలు తీసుకుని గబగబా రుద్దబోయింది.

"ఆగండమ్మా. పట్టుబట్ట తడిస్తే ఏం చేస్తారు?"

"అద్దుతాను."

"ఇదీ అంతే."

అప్పటి నుంచి బుధవారం, శనివారం ఎండ పడేవేళకు గొడుగు కనిపించేది. అత్తగారు ఆయనకు 'గొడుగాయన' అని పేరు పెట్టింది. పైకి విసుక్కుంటూనే, స్నానం వేళకు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చునేది.

"ఆ రాజుగారి సంగతేమైందండీ? పోయినసారి అడవిలో వదిలేశారు."

నెల తిరిగేసరికి పొట్టు తగ్గింది. చిన్నదాని వీపు మీద కొత్త వెంట్రుకలు నూగులా మొలిచాయి. రాత్రంతా గోక్కునే పిల్ల, గోక్కోకుండా నిద్రపోయింది.

ఆ శనివారం పెద్దాయన టబ్బు మీదికి వంగినప్పుడు జేబులోంచి ఓ కాగితం జారింది.

ఆమె తీసి చూసింది.

ఆరు చిరునామాలు. ఐదోది తనదే. పక్కన 'రెండు పిల్లలు' అని రాసి ఉంది. అన్నిటికీ పైన, కుక్కపిల్లల్ని అమ్మినవాడి ఫోను నంబరు.

ఆమె ముఖం ఎర్రబడింది.

"ఓహో! వీటిని పుట్టించి అమ్మించింది మీరేనన్నమాట!"

"అమ్మా, అది..."

"రోగం ఉందని తెలిసే అంటగట్టారు. అవునా, కాదా?"

"నేను తప్పు చేశానమ్మా. అందుకే..."

"చేసిందంతా చేసి, ఇప్పుడు పాపం కడుక్కోవడానికి వస్తున్నారా? ముందు బయటికి నడవండి!"

"పోనీలేవే" అనబోయింది అత్తగారు.

"మీరూరుకోండి అత్తయ్యా!"

పెద్దాయన నురగ చేతులతోనే లేచాడు. చిన్నది ఆయన వెనకే టబ్బు ఎక్కి రాబోతే మెల్లగా లోపలికి దించాడు.

"వెళ్తానమ్మా. ఇంకా నాలుగు నిమిషాలు ఉంచి కడగండి."

ఆమె వెంటనే కడిగేసింది.

బుధవారం ఆయన మళ్లీ వచ్చాడు. ఆమె మిషను ఆపలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాలేదు.

ఇక స్నానమంటే యుద్ధమే. పది నిమిషాలు మూడయ్యాయి, మూడు ఒకటైంది. అంతలో బడి యూనిఫారాల పని నెత్తిన పడింది. ఒక వారం స్నానమే లేదు. రెండో వారం చిన్నదాని చర్మం పగిలి, చెవుల వెనక చీము పట్టింది. తినడం మానేసింది.

ఆమె దాన్ని పాత దుప్పట్లో చుట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"నెల కిందట ఎంత బాగుంది! ఏమైందమ్మా?" అన్నాడు డాక్టరు పుండ్లు తుడుస్తూ.

ఆమె జరిగిందంతా చెప్పింది.

"వీటిని అమ్మించినవాడని తెలిశాక గడప ఎలా తొక్కనిస్తాను డాక్టరుగారూ?"

డాక్టరు చెయ్యి ఆగింది.

"గొడుగు పట్టుకుని తిరిగే పెద్దాయనేనా?"

"ఆయనే. కోపంలో నోటికొచ్చినట్టు అనేశాను. కానీ ఈ పిల్లలు ఆయన మాటే వింటాయండీ. ఎక్కడుంటారో చెబితే, నేనే వెళ్లి పిలుచుకొస్తాను."

డాక్టరు గ్లవ్సు విప్పాడు. వాటిని చెత్తబుట్టలో పడేశాడు.

"పోయిన మంగళవారం గుండె ఆగి పోయాడమ్మా."

దుప్పటిలో చిన్నది సన్నగా మూలిగింది. ఆమె దాన్ని గుండెలకు హత్తుకుంది.

"ఇంకో మాట," అన్నాడు డాక్టరు, ఆమె ముఖం వంక చూడకుండా. "ఆ చిరునామాలు అమ్మినవాడి వెంటపడి రాబట్టుకున్నవి. ఆయన అమ్మించినవాడు కాదమ్మా, మీలాగే కొనుక్కుని, అంటురోగం అనుకుని పెరట్లో కట్టేసి, వీటి తోబుట్టువును పోగొట్టుకున్నవాడు."