జానెడు దూరంలో వంకర

ఇటు దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లించి పెట్టండి. సైకిలు షాపులో గీతలమ్మకి జరిగిన అవమానం చెబుతాను. వింటే మీకూ ఒళ్లు మండుతుంది.

"ఇది నకిలీదండీ. తీసుకెళ్లిపోండి," అన్నాడు షాపాయన, సైకిలు ముందు చక్రాన్ని కాలితో పక్కకి నెడుతూ.

ఆ కాలితో నెట్టడం చూసి గీతలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. అది కొండదారుల్లో తొక్కే పాత ఉక్కు సైకిలు. సన్నటి గొట్టాలు, ఆకుపచ్చ రంగు, పై గొట్టానికి అటూ ఇటూ పొడుగునా పసుపు గీత. మర్నాడు పాత ఉక్కు సైకిళ్ల వాళ్లంతా కలిసి కొండెక్కుతున్నారు. నిజంగా పాతకాలపు ఫ్రేము అయితేనే రానిస్తారు. అది తేల్చేది ఈ షాపాయనే. పేరు రాయించుకుందామని వచ్చిన మనవరాలు పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"నకిలీ ఏమిటి నాయనా? మా అమ్మాయి తొక్కిన బండి. ఈ గీత నేనే గీశాను. ఈ సైకిళ్ల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు గీతలు గీసిన చెయ్యి ఇది."

"అందరూ అలాగే అంటారు పెద్దమ్మా. ఒకసారి గోడ మీద చూడండి."

గోడకి కొత్త ఫ్రేములు వేలాడుతున్నాయి. కొత్తవే గానీ అన్నీ పాతకాలపు తీరు. అదే ఆకుపచ్చ, అదే పసుపు గీత. వాటి ముందు నలుగురు కుర్రాళ్లు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

"అల్యూమినియం తొక్కితే రాయి రాయికీ ఎముకలు లెక్కపెట్టుకోవాలిరా. ఉక్కు అలా కాదు, కాస్త ఒదుగుతుంది," అంటున్నాడు ఒకడు.

"పైగా ఆ గీత చూడు. సీటుకి జానెడు దూరంలో ఆ చిన్న వంకర! ప్రాణం ఉందిరా అందులో," అన్నాడు ఇంకొకడు.

"విన్నారా?" అన్నాడు షాపాయన. "ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో తయారైన ప్రతి ఫ్రేముకీ ఆ వంకర ఉంది. ఆ చేతిపని పోకూడదని అచ్చం అలాగే మిషను మీద దింపిస్తున్నాం. మా నాన్నగారు అప్పుడు అక్కడ సూపర్‌వైజరు. ఆయన్ని అడిగే అంతా చేశాం. మీ గీత చూస్తే స్కేలు పెట్టి కొట్టినట్టుంది. అందుకే నకిలీ అంటున్నాను."

వెనక మూల పడక్కుర్చీలో ఆ నాన్నగారు గుర్రు పెడుతున్నాడు.

గీతలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఓహో, ఈయనా! ఆ వంకర వచ్చిందని పన్నెండేళ్లు నన్ను తిట్టింది ఈయనే. 'నీ చేతికి తిన్నదనం లేదు, ఇంటికి పో' అని పంపేసిందీ ఈయనే. ఆనాడు తప్పయిన వంకర ఇవాళ ప్రాణమైపోయిందా? నా తప్పుని గోడకెక్కించి, నా ఒప్పుని కాలితో తంతావా?"

"అమ్మమ్మా, పోదాం పద," అని మనవరాలు చెయ్యి పట్టి లాగింది.

"ఉండవే, నకిలీ అనిపించుకుని పోతామా? ఏం బాబూ, గీత పడని ఫ్రేము ఒకటి ఉందా? పొడుగు వెంట్రుకల బ్రష్షు కూడా ఇవ్వు. ఆ వంకర ఎవరి చేతిదో నువ్వే చూద్దువుగాని."

కుర్రాళ్లకి వినోదం దొరికింది. ఒకడు ఫ్రేముని స్టాండుకి బిగించాడు, ఒకడు పసుపు రంగు డబ్బా మూత తీశాడు. గీతలమ్మ కళ్లజోడు సవరించుకుంది. చిటికెనవేలు గొట్టానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగు లాగింది. గీత ఈ చివరి నుంచి ఆ చివరికి దారం పరిచినట్టు పోయింది.

వంకర మాత్రం రాలేదు.

"చూశారా!" షాపాయన పకపకా నవ్వాడు. "అప్పట్లో గీసినావిడ అయితే వంకర పడాలిగా. మీరెవరో గానీ ఆవిడ మాత్రం కాదు."

కుర్రాళ్లూ నవ్వారు. మనవరాలు తల దించుకుంది.

గీతలమ్మ తన చేతిని తానే అనుమానంగా చూసుకుంది. పన్నెండేళ్లు పిలవకపోయినా రోజూ వచ్చిన వంకర, ఇవాళ పిలిస్తే రాదేం? "ఆగండి. రెండో పక్క కూడా చూసి నవ్వండి," అని ఫ్రేము తిప్పించి మళ్లీ మొదలుపెట్టింది.

రంగు వాసన మూలకి పాకింది. గుర్రు ఆగింది. పెద్దాయన లేచాడు. కళ్లు ఇంకా సగం మూతలు పడుతూనే ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని, అలవాటైన దారిలా చప్పుడు లేకుండా వచ్చి ఆవిడ వీపు వెనక నిలబడ్డాడు. గీత తిన్నగా సాగుతోంది. సీటు ఇంకా జానెడు దూరం ఉందనగా, చెవి పక్కన పిడుగు పడింది.

"ఊఁ! చెయ్యి తిన్నగా!"

గీతలమ్మ ఉలిక్కిపడింది. బ్రష్షు ఒక్కసారి దిగి, లేచి, మళ్లీ దారిన పడింది.

ఒక కుర్రాడు గోడ మీది ఫ్రేము తెచ్చి పక్కన పెట్టాడు. అదే చోటు. అదే వంకర. గోరంత తేడా లేదు.

"మళ్లీ వంకర! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని పెద్దాయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. షాపాయన రెండు ఫ్రేముల్నీ మార్చి మార్చి చూసి, "మరి... మీ సైకిలు మీద గీత అంత తిన్నగా ఎలా వచ్చింది పెద్దమ్మా?" అని అడిగాడు.

ఆవిడ బ్రష్షు శుభ్రంగా తుడిచి అతని చేతిలో పెట్టింది. రేపు మీరు ఈ కథ ఎవరికి చెప్పినా, షాపూ గోడా మరిచిపోయినా ఫరవాలేదు గానీ, అప్పుడు ఆవిడ అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పండి:

"అది ఆదివారం పూట గీశాను బాబూ. ఆదివారాలు మీ నాన్నగారు రారు."