మేడమీది గది

"తల జాగ్రత్త సార్, గుమ్మం పొట్టిది," అన్నాడు వెల్డరు, అలవాటుగా మెడ వంచి లోపలికి అడుగు పెడుతూ.

వెనకాలే వస్తున్న ఇంజినీరు బాగా పొడగరి. ఎందుకైనా మంచిదని తనూ వంగాడు. బూట్లు మాత్రం విప్పలేదు. వెల్డరుకి చిరాకేసింది కానీ పైకి అనలేదు. పన్ను తగ్గేది ఆయన చేతి రాతతోనే మరి.

ఆదివారం. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఈ వేళకే రావాలని పట్టుబట్టింది చెల్లెలు. తీరా వచ్చాక తను బయటే నిలబడిపోయి వీధి మలుపు వైపు చూస్తోంది.

"గుమ్మం ఎత్తు చెయ్యమని మా నాన్న దగ్గర ఎంత మొత్తుకున్నానో! 'నీ తల వంగితే పోయేదానికి ఇల్లెందుకు లేవాలిరా' అనేవాడు. చిన్నప్పుడు నుదుటి మీద బొప్పి లేకపోతే నన్ను ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు."

ఇంజినీరు నవ్వి టేపు తీశాడు. "బిల్లులేమైనా ఉన్నాయా?"

"మా నాన్న బిల్లులు దాచే మనిషా! చేతికందిన కాగితంతో సిగరెట్టు ముట్టించేవాడు."

నాన్న పోతూ ఇల్లు ఇద్దరికీ సమానంగా రాసిపోయాడు. దాన్ని వదులుకోవాలని ఇద్దరికీ లేదు. నోటీసిచ్చి అడిగినవాళ్ళేమో కాదంటే వినే రకం కాదు. డబ్బు ఇద్దరి ఖాతాల్లోనూ పడింది. దాని వెనకే పన్ను వచ్చి కూర్చుంది.

"ఇల్లు కట్టడానికి అయిన ఖర్చు, ఆ తర్వాత కొత్తగా వేసిన గదుల ఖర్చు తీసేసి, మిగిలిన లాభం మీదే పన్ను. బిల్లులు లేకపోతే ఇంజినీరుతో అంచనా రాయించండి," అన్నాడు ఆడిటరు. లేవబోతుంటే ఇంకో మాట కూడా అన్నాడు. "నాన్నగారు కట్టిందైతే ఇద్దరికీ చెరిసగం. మీలో ఒకరు కట్టిందైతే ఆ ఒక్కరి లెక్కలోకే."

ఆ మాట విన్న దగ్గర్నుంచి వెల్డరుకి కంటి మీద కునుకు లేదు.

మేడమీది గది అతను కట్టాడు. బడి మానేసి, షాపులో కళ్ళు మంటలెత్తేలా పనిచేసి కట్టాడు. చుట్టాలొస్తే నాన్న మాత్రం "పైన గది వేశాను" అని చెప్పుకునేవాడు. పక్కన నిలబడి వాళ్ళకి మంచినీళ్ళు అందించేవాడు తను. పన్ను సంగతి సరే, ఆ గది తనదని ఒక్క కాగితం మీదైనా ఎవరైనా రాయాలి. చెల్లెలు ఒప్పుకోవద్దూ? ఒప్పుకుంటే ఆమె పన్ను పెరుగుతుంది. లెక్కల టీచరు, ఆ మాత్రం తెలీకపోదు.

"ఇది ముందుగది. నాన్న పడక ఇక్కడే, ఫ్యాను కింద. దానికి గాలి కన్నా చప్పుడెక్కువ," అంటూ టేపు కొస పట్టుకున్నాడు. "ఈ తెల్లగీత దాటితే అమ్మ వంటిల్లు."

"వంటింట్లో మీరేమైనా చేయించారా?"

"ఏడాదికోసారి సున్నం కొట్టేవాణ్ణి."

"సున్నం లెక్కలోకి రాదండీ. కొత్తగా కట్టిందే వస్తుంది."

"తెలుసులెండి. ఈ ఇంట్లో నేను చేసిందేదీ ఎప్పుడూ లెక్కలోకి రాలేదు."

"అన్నయ్యా, దెప్పుళ్ళు తర్వాత. త్వరగా కానివ్వు," అంది చెల్లెలు బయట నుంచే.

వెల్డరు వంటింటి మధ్యకి వచ్చి ఆగాడు. షాపు నుంచి కళ్ళు మండుతూ వచ్చిన రోజున అమ్మ ఇక్కడే అతని తల ఒళ్ళో పెట్టుకునేది. కళ్ళ మీద తడిగుడ్డ వేసి ఊదుతూ కూర్చునేది. పొయ్యి మీద గిన్నె మాడుతున్నా లేచేది కాదు.

"మేడమీది గది సంగతి చెప్పండి," అన్నాడు ఇంజినీరు.

వెల్డరు తలెత్తి చూశాడు. "చిన్న గదే సార్. ఎక్కక్కర్లేదు, ఇక్కడ్నుంచే చెప్తాను. రెండు కిటికీలు. ఊచలు నేనే వంచాను, చెల్లి పేరులో మొదటి అక్షరం వచ్చేలా."

"నాన్నగారు కట్టించిందేనా?"

వెల్డరు చెల్లెలి వైపు చూశాడు.

మలుపు మీంచి చూపు తిప్పకుండానే ఆమె అంది. "కాదు. అన్నయ్య కట్టాడు. రాసుకోండి."

"అలా రాస్తే మీ వంతు పన్ను పెరుగుతుంది మేడమ్."

"పెరగనివ్వండి. నేను చదువుకుంది ఆ గదిలో. అన్నయ్య చదువు మానేసింది ఆ గది కోసం. నాన్న ముందు నోరెత్తలేకపోయాను. ఇవాళైనా ఎత్తనివ్వండి."

ఇంజినీరు రాసుకున్నాడు. ఏం రాశాడో చూద్దామంటే వెల్డరుకి అక్షరాలు అలుక్కుపోయాయి. మొహం అటు తిప్పుకుని, "పొద్దున్నే ఇక్కడికి భలే వెలుతురొచ్చేది సార్, అమ్మ గాజులు మెరిసేవి..." అని ఏదో చెప్పబోయాడు.

"అన్నయ్యా, పక్కకి!" అని అరిచింది చెల్లెలు.

ఇద్దరూ చెరో వైపుకి గెంతారు.

అమ్మ వంటింట్లోంచి బస్సు వెళ్ళిపోయింది.