సందేహాలరావు ఉత్తరాలు

"మళ్లీ రాశాడత్తయ్యా, సందేహాలరావు!" అంటూ కోడలు చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూలబడింది.

అత్తగారు ముందు వెళ్లి, ఎవరూ లేని వరండాలో వెలుగుతున్న లైటు ఆర్పి వచ్చింది. ఇంట్లో ఆవిడకి 'మెయిన్ స్విచ్' అని పేరు. మనిషి లేచిన కుర్చీ చల్లారకముందే ఆ గదిలో ఫ్యాను ఆగిపోతుంది.

"ఈసారేమంటాడు?"

"పడమటి గోడకి అంత గాజెందుకట. సాయంత్రం వచ్చినవాళ్లు కూర్చుంటారా, వేగుతారా అని వెటకారం."

కోడలు ఆర్కిటెక్టు. కాలనీకి కట్టబోయే కమ్యూనిటీ హాలు ఆమె సొంతంగా గీస్తున్న మొదటి భవనం. ఏడాదిలో వాడే కరెంటంతా ఆ హాలు తన పైకప్పు మీదే తయారు చేసుకోవాలని షరతు. పార్కు గేటు దగ్గరున్న సలహాల పెట్టెలో పడే ప్రతి అభ్యంతరానికీ ఆమె జవాబు చెప్పాలి. నెలాఖరు శుక్రవారానికి కమిటీని ఒప్పించలేకపోతే హాలు ఇంకొకరి చేతికి పోతుంది. పెట్టెలో పడ్డవాటిని కమిటీ అధ్యక్షుడు ఫోన్లో చదివి వినిపిస్తాడు. ఈ ఒక్కడే పేరు రాయడు, అందుకే కోడలు సందేహాలరావని పేరు పెట్టింది.

"పనీపాటా లేని మనిషెవరో," అంది అత్తగారు. చెత్తబుట్టలోంచి రఫ్ ప్రింట్లు ఏరి, అరచేత్తో సాపు చేస్తోంది.

"అవెందుకు మీకు?"

"ఒకవైపు తెల్లగానే ఉన్నాయిగా. సరుకుల చీటీకి పనికొస్తాయి."

కోడలు నవ్వుకుంది. ప్లాను మొదట ఇంటికి తెచ్చిన రోజున ఆవిడ ఏదో చెప్పబోతే, "వీటికి లెక్కలుంటాయత్తయ్యా" అని ఆపేసింది. ఆ తర్వాత ఆవిడ ప్లాను ఊసెత్తలేదు.

సందేహాలరావు నోరు మూయించాలని కోడలు పంతంగా లెక్క వేసింది. తెల్లారేసరికి పడమటి గాజు సగానికి పైగా ఎగిరిపోయింది. హాలు చల్లబరచడానికి కావలసిన కరెంటులో మూడో వంతు తగ్గింది.

మరుసటి వారం ఇంకోటి.

"వేడిగాలి పోవడానికి పైన కిటికీలు పెట్టావు సరే, వానొస్తే నిచ్చెనెక్కి మూసేదెవరు, నువ్వొస్తావా? అంటున్నాడు. 'నువ్వు' అట! నేనేమైనా ఆయన పెంచిన పిల్లనా?"

"పెద్దవాడేమోలే," అంది అత్తగారు, వాకింగు బూట్ల లేసులు ముడేస్తూ.

"మీరైతే ఏం చేస్తారు?"

"నన్నడుగుతావేం? లెక్కలు రానిదాన్ని. పెరట్లో బట్టలారేసే కర్రని నిచ్చెనెక్కి పైకెత్తుతున్నానా? తాడు లాగితే అదే పోతుంది." ఆవిడ గుమ్మం దాటింది. వెళ్తూ వెళ్తూ ఫ్యాను ఆపింది.

కిటికీలకి తాళ్లొచ్చాయి.

మూడో ఉత్తరం పంపు గురించి. ఎండలో తయారయ్యే కరెంటు ఎండలోనే వాడుకోక, చీకటి పడ్డాక ట్యాంకు నింపడం ఏం తెలివి అని. ఈసారి కోడలు విసుక్కోలేదు. పంపుని మధ్యాహ్నానికి మార్చి, అంకెలు మళ్లీ వేసింది. మొదటిసారి, హాలు వాడేదానికంటే తయారుచేసేదే కాస్త ఎక్కువ తేలింది.

శుక్రవారం కమిటీ గదిలో అందరూ ప్లానుకి సరేనంటూ చేతులెత్తారు.

"నిజం చెప్పాలమ్మా," అన్నాడు అధ్యక్షుడు, మిగతావాళ్లు వెళ్లాక. "మీ మొదటి ప్లానైతే ఒప్పుకునేవాళ్లం కాదు."

"నాకూ తెలుసండీ. ఆ సందేహాలరావెవరో తెలిస్తే ఒకసారి కలపండి. చాలా తిట్టుకున్నాను పాపం."

"మాకు తెలిస్తేగా! ఇదుగో, పొద్దున ఇంకోటి పడింది." జేబులోంచి కాగితం తీసి చదివాడు. "'ఇక సందేహాల్లేవు. అమ్మాయి బాగా గీసింది. మీటింగయ్యాక లైట్లు ఆర్పి వెళ్లండి.'"

ఇద్దరూ ఫక్కున నవ్వారు. అధ్యక్షుడు బుద్ధిగా లేచి లైట్లన్నీ ఆర్పి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"మీరే దాచుకోండి."

గదిలో కిటికీ వెలుతురు చాలానే ఉంది. కోడలు మడతపెట్టిన కాగితాన్ని ఆ వెలుతురులోకి తిప్పింది.

పైకి కనిపిస్తున్న వైపు, ఆమె ఇంట్లో చెత్తబుట్టలో పడేసిన పడమటి గాజుగోడ ఉంది.