అత్తగారి ముందు ఒక్క అబద్ధం

"అబద్ధం ఆడబోయే ముందు ఉంగరం తిప్పుతున్నావు," అంది నోయెలీన్. "తీసి జేబులో పడెయ్."

క్లైవ్ పెళ్ళి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. పగలంతా ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర నిలబడి వచ్చిన మనిషి. వయల్లా ఊరి ఎర్రదుమ్ము ఇంకా చెవుల్లోనే ఉంది. ఇంటికి పోయి నడుం వాల్చాల్సిన వేళ, పరాయివాళ్ళ వంటింట్లో కూర్చుని పోకర్ నేర్చుకుంటున్నాడు.

నోయెలీన్ అతనికి దొరికిన మూడో గురువు. మొదటివాడు మెల్‌బోర్న్ నుంచి ఫోన్లో పాఠాలు చెప్పేవాడు. ఏ ముక్క పడే అవకాశం నూటికి ఎంతో లెక్కలు చెప్పి చెప్పి క్లైవ్‌ని నిద్రపుచ్చాడు. రెండోవాడు పబ్బులో తగిలాడు. క్లైవ్ కొనిచ్చిన బీర్లు తాగుతూ, తాను గెలిచిన ఆటలన్నీ వరసబెట్టి వినిపించి వెళ్ళిపోయాడు. నోయెలీన్ అలా కాదు. అడిలైడ్‌లో ఓ క్యాసినోలో ముక్కలు పంచి పంచి రిటైరైన మనిషి. మొదటి రోజే సూటిగా అడిగింది.

"ఎవరితో ఆడాలి? ఏం కావాలి నీకు?"

"మా అత్తగారితో. ఆవిడకి దొరక్కుండా ఒక్క అబద్ధం ఆడగలిగితే చాలు."

"మీ అత్తగారంటే... బెరిలా? అయితే ఫీజు డబుల్!"

ఊళ్ళో బెరిల్ పేరు తెలియని పేకాటగాడు లేడు. క్లబ్బులో గెలిచినవాళ్ళకి బహుమతిగా ఇచ్చే మాంసం పళ్ళెం వారం వారం ఆవిడే పట్టుకుపోయేది. ఆ ఇంట్లో కుక్క కూడా మేకచాప్స్ తప్ప ముట్టేది కాదని చెప్పుకునేవారు.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి కూతురింటికి తీసుకొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ గోడవైపు తిరిగి పడుకోవడమే. తిండి కూడా బతిమాలి పెట్టాలి. ఒక్క గురువారం సాయంత్రం మాత్రం లేస్తుంది. కూతురి చేత లిప్‌స్టిక్ వేయించుకుని, క్లైవ్ చేసిచ్చిన చెక్క స్టాండులో ముక్కలు నిలబెట్టుకుని అల్లుడికి ఎదురుగా కూర్చుంటుంది. పందెం డబ్బులు కావు, ఆవిడ కుట్టుడబ్బాలోని గుండీలు. ముక్కలు చూసుకోవడానికి ఈమధ్య కాస్త ఎక్కువసేపే పడుతోంది. అల్లుడి మొహం చదవడానికి మాత్రం ఒక్క చూపు చాలు.

పోయిన గురువారం అతని అబద్ధాన్ని మళ్ళీ పట్టేసింది. స్టాండుతో సహా ముక్కల్ని పక్కకి తోసేసింది.

"నీ మొహం పాలసీసా మీద తారీఖులా ఉంటుంది అబ్బాయ్. ఎవడైనా చదివేస్తాడు. నాతో ఆడితే సరిగ్గా ఆడు. ఇంకొక్కసారి ఇలా దొరికావో, పేక చెత్తబుట్టలో పడేస్తా. ఆ తర్వాత గురువారాలు నన్ను లేపొద్దు."

ఆ ఒక్క సాయంత్రం కూడా పోతే ఆవిడకి మిగిలేది గోడే.

అతని భార్య డెనీస్‌కి ఈ పాఠాల గోల వెర్రితనంగా కనిపించింది.

"మా అమ్మని గెలవడానికి ట్యూషనా! సిగ్గుండాలి. అవతల కూలర్ పాడై ఇల్లంతా ఉడికిపోతోంది, దాని సంగతి చూడవు."

క్లైవ్ చెప్పులేసుకుని పాఠానికి బయల్దేరాడు.

నోయెలీన్ వదల్లేదు. అతను తప్పు చేసినప్పుడల్లా గరిటెతో బల్లమీద కొట్టింది.

"ఊపిరి బిగపట్టకు. ముక్కల్ని అలా చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెడతావేంటి? విసిరెయ్! కొత్తగా మొహం పెట్టాలని చూడకు, నీకు చేతకాదు. ఉన్న అలసట ఉన్నట్టే కనబడనీ. ఆవిడకి చూడ్డానికి ఒక నిజం దొరికితే, ఇంకోటి వెతకదు."

"అలసట అయితే నా దగ్గర బోలెడుంది," అన్నాడు క్లైవ్.

గురువారం వచ్చింది. ఎండ ఇంకా తగ్గలేదు. డెనీస్ పొయ్యిలో మాంసం కూరిన పైలు వేడి చేస్తోంది. బెరిల్ ఎర్రటి లిప్‌స్టిక్‌తో, ఎవరినో తినేసేలా కూర్చుంది. కాసేపు ఆట అటూ ఇటూ సాగింది. ఆఖరి పంపకంలో ఆవిడ తన ముక్కల్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత ఎడమచేత్తో తన గుండీలన్నీ మధ్యలోకి తోసింది.

"మొహం పైకెత్తు," అంది.

క్లైవ్ ఎత్తాడు. చెయ్యి అలవాటు కొద్దీ ఉంగరం కోసం వెళ్ళింది. వేలికి ఉంగరం లేదు. ఊపిరి వదిలాడు. కొలిమి, దుమ్ము, ఉడికిపోతున్న ఇల్లు, నొప్పెడుతున్న నడుం అన్నీ మొహంలోకి రానిచ్చాడు.

ఆవిడ చూస్తూనే ఉంది.

"నావల్ల కాదు," అంటూ అతను ముక్కల్ని బోర్లా విసిరేశాడు. "మీరే తీసుకోండి."

బెరిల్ ఇంకో క్షణం అతని కళ్ళలోకి చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడటం అదే మొదలు. డెనీస్ చేతిలో గుడ్డతోనే పరుగెత్తుకొచ్చింది.

"చూడవే!" బెరిల్ తన ముక్కలు తిప్పి చూపించింది. "ఒట్టి మూడంకె ముక్కలు రెండు! అవి పెట్టుకుని తరిమేశాను వీణ్ణి! ఏదీ, నా మాంసం పై ఇలా తే, ఆకలేస్తోంది. అబ్బాయ్, వచ్చే గురువారం తొందరగా ఇంటికి రా!"

డెనీస్ మొగుడి వైపు జాలిగా చూసింది.

"ఇంత డబ్బు పోసి నువ్వు నేర్చుకున్నది ఇదా?"

"ఇదే," అంటూ క్లైవ్ తాను విసిరేసిన నాలుగు రాణులనూ బోర్లా ఉన్నవి ఉన్నట్టే తీసి, పేకలో కలిపేశాడు.