నడిమి దూలం

"వంతెన తెరవడానికి వీల్లేదండీ. ఒక్క బండి కూడా పోకూడదు," అన్నాడు, డ్రోన్‌తో వంతెన తనిఖీకి వచ్చిన జయకృష్ణ.

ఇప్పుడే కిందికి దించిన డ్రోన్ అతని కాళ్ల దగ్గర ఇంకా వేడిగానే ఉంది. చేతిలోని తెర మీద ఇనప వంతెన అడుగుభాగం కనిపిస్తోంది. నడిమి దూలాన్ని తుప్పు తినేసి, ఇనుము పొరలు పొరలుగా లేచిపోయింది.

ఇంజనీరు వెంకటకృష్ణారావు గారు తెర వంక చూశారు. కాలవకి ఇటువైపు బారులు తీరిన ధాన్యం లారీల వంక చూశారు. ఆకాశం చూస్తే మబ్బు కమ్మేసింది. రైతులు ఇక మీద పడి కొట్టడమే తరువాయి.

"పైపైన తుప్పు కనబడితే ఎట్లాగండీ? లోపల గట్టిగా ఉందో లేదో మీ డ్రోన్ చెప్తుందా?"

"చెప్పదండీ. అది చూస్తుంది, అంతే. కానీ..."

"చెప్పే మనిషి నా దగ్గరున్నాడు. పీరూ!" అంటూ చేత్తో పిలిచారు.

పీరు వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఇనప వంతెనల దూలాల్ని బిగించే రివిట్లని కొట్టి చూడడమే అతని పని. భుజాన తాడు, చేతిలో చిన్న సుత్తి. ఎదుటివాడు మాట్లాడుతుంటే కన్నార్పకుండా మొహంలోకే చూస్తాడు. ఆ చూపుకి జయకృష్ణ కాస్త తడబడ్డాడు కూడా.

"రివిట్ గట్టిగా ఉంటే ఖంగుమంటది బాబూ. లోపల తినేసిందా, దబ్‌మంటది," అన్నాడు పీరు, అవతలి గట్టుకి వినబడేంత గొంతుతో. "మీ మిషను ఫొటోలు తీస్తది. నాకు ఇన్నేళ్లు కూడు పెట్టింది ఈ చెవులే."

తాడు కట్టుకుని వంతెన కిందికి దిగాడు. లారీలవాళ్లు కూడా హారన్లు ఆపి చూస్తున్నారు. ఒక్కో దెబ్బ, ఒక్కోసారి తల ఊపడం. నడిమి దూలం దగ్గరికి వచ్చాడు.

దబ్.

జయకృష్ణ కమ్మీ మీంచి వంగి, "పీరు గారూ! అది మళ్లీ కొట్టండి!" అని అరిచాడు.

పీరు పలకలేదు. తల ఊపి పక్కదాన్ని కొట్టాడు. దబ్. మళ్లీ తల ఊపాడు.

"పనిలో ఉంటే ఎవరికీ పలకడండీ. నాకే పలకడు," అని నవ్వారు ఇంజనీరు.

"నాకు దబ్‌మన్నట్టే వినబడిందండీ."

"పొద్దున్నించీ ఆ డ్రోన్ రొద మీ చెవుల్లోనే ఉంది. అతని చెవికీ మీ చెవికీ పోటీయా?"

పీరు పైకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎట్లా ఉంది పీరూ?"

"ఖంగుఖంగుమంటంది సార్. ఇంకో పదేళ్లు ఢోకా లేదు."

జయకృష్ణ ఆ ముసలి మొహంలో అబద్ధం కోసం వెతికాడు. వచ్చే నెల రిటైరయ్యే మనిషికి అబద్ధమాడాల్సిన ఖర్మేంటి? నిన్నగాక మొన్న పని నేర్చుకుని, ముప్పై ఏళ్ల అనుభవాన్ని శంకించినందుకు సిగ్గేసింది. రిపోర్టు మీద సంతకం పెట్టేశాడు.

అడ్డం తీసేశారు. మొదటి లారీ కదిలింది. నిండా ధాన్యం, బస్తాల మీద పదిమంది కూలీలు, ఆడా మగా. లారీకి ముందు పీరు తాడు చుట్టుకుంటూ, వంతెన మధ్యలో నడుస్తున్నాడు, అవతల పెట్టిన సైకిల్ కోసం.

డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "ఓయ్ ముసలాయనా, పక్కకి తప్పుకో!" అని బస్తాల మీంచి కేకలు.

లారీ కీచుమంటూ అతని వీపు వెనకే ఆగింది, సరిగ్గా నడిమి దూలం మీద. ఎక్కడో ఇనుము మూలిగింది. డ్రైవరు ఒళ్లు మండి హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యడం లేదు.

పీరు వెనక్కి తిరక్కుండా, తాపీగా తన దారిన తను నడిచి వెళుతున్నాడు.